ఆ పన్నెండు కుర్చీలు

(రేడియో ప్రసంగానికి లిఖిత రూపం)



ఈ వారం ఒక అమెరికన్ నవల గురించీ, దాని వెనక ఉన్న చరిత్ర గురించీ మాట్లాడుకుందాం. ఇక్కడి బళ్ళలో చదివే మన పిల్లలు ఎనిమిదో తొమ్మిదో తరగతికి వచ్చేసరికి చాలామంది చేతుల్లో ఒక పుస్తకం కనబడుతుంది. దాని పేరు 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'. రాసినావిడ హార్పర్ లీ. 1960 జులైలో అచ్చయింది, 1961లో పులిట్జర్ బహుమతి వచ్చింది, 1962లో సినిమాగా వచ్చింది. ఇప్పటికి మూడు కోట్ల ప్రతులకి పైగా అమ్ముడుపోయింది. మనలో ఎక్కువమందిమి పై చదువులకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చినవాళ్ళం. ఇక్కడి హైస్కూలు పుస్తకాలు మనం చదవలేదు. పిల్లలు వచ్చి ఏదన్నా అడిగితే "అది మంచి పుస్తకమేనటగా, శ్రద్ధగా చదువుకో" అని ఊరుకుంటాం.

నేను వృత్తిరీత్యా కంప్యూటర్ల మనిషిని, చరిత్రకారుణ్ణి కాను. అయినా ఈ నవల చదివినప్పుడు ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. కోర్టులో సాక్ష్యం అంత స్పష్టంగా ఉంటే, ఆ పన్నెండుమంది పెద్దమనుషులు తప్పు తీర్పు ఎలా ఇచ్చారు? వాళ్ళు రాక్షసులా? కాదు. రోజూ పలకరించుకునే ఇరుగుపొరుగు. మరి వాళ్ళని ఆ కుర్చీల్లో కూర్చోబెట్టింది ఎవరు, వేరేవాళ్ళని కూర్చోనివ్వనిది ఎవరు? దీనికి జవాబు కథలో కొంతే ఉంది. మిగతాది అలబామా చరిత్రలో ఉంది.

ముందు కథ క్లుప్తంగా చెప్తాను. అలబామా రాష్ట్రంలో మేకోంబ్ అనే ఊహాచిత్రం లాంటి చిన్న ఊరు. 1930లలో ఆర్థికమాంద్యం రోజులు. స్కౌట్ అనే చిన్నపిల్ల, తనకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన అన్న జెమ్, తల్లి లేని ఆ పిల్లల్ని పెంచే తండ్రి ఆటికస్ ఫించ్, ఇంట్లో వంట చేస్తూ పిల్లల్ని క్రమశిక్షణలో పెట్టే నల్లజాతి స్త్రీ కల్పూర్నియా. సగం పుస్తకం దాకా పిల్లల ఆటలే. అదే వీధిలో ఇంటి గడప దాటని బూ రాడ్లీ అనే మనిషిని దయ్యమనుకుని భయపడడం, అతన్ని ఎలాగైనా బయటికి రప్పించాలని పన్నాగాలు పన్నడం, ఇదీ వాళ్ళ లోకం.

తర్వాత కోర్టు కేసు వస్తుంది. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ తన మీద అత్యాచారం చేశాడని మయెల్లా యూయెల్ అనే తెల్లమ్మాయి ఫిర్యాదు. ఆటికస్ టామ్ తరఫు లాయరు. అమ్మాయి మొహానికి కుడివైపు దెబ్బలు తగిలాయి. అంటే ఎదురుగా నిలబడి ఎడమచేత్తో కొట్టినవాడి పని. టామ్ ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తి జిన్నింగు యంత్రంలో పడి నలిగి పనికిరాకుండా పోయింది. అమ్మాయి తండ్రిది ఎడమచేతి వాటం. చదివేవాళ్ళకే కాదు, కోర్టులో ఉన్న ప్రతివాడికీ విషయం అర్థమైంది. నల్లవాళ్ళు కూర్చునే మేడ మీది వరసలో, వాళ్ళ పాస్టరు గారి పక్కన కూర్చుని చూస్తున్న జెమ్ గెలిచేశామనే అనుకుంటాడు. జ్యూరీ గంటల తరబడి లోపలే ఉండి, బయటికి వచ్చి దోషి అంటుంది. జెమ్ ఏడుస్తాడు. ఆ తర్వాత టామ్ జైలు కంచె ఎక్కి పారిపోబోయాడని కాపలావాళ్ళు కాల్చి చంపుతారు. ఒంట్లో పదిహేడు తూటాలు.

ఈ పుస్తకాన్ని అమాయకత్వం పోగొట్టుకోవడం గురించిన కథ అని బళ్ళో చెప్తారు. అది నిజమే. కానీ పిల్లలు పోగొట్టుకున్నది ఏమిటో మనం సరిగ్గా చూడాలి. లోకంలో చెడ్డవాళ్ళు ఉంటారని ఏ పిల్లవాడికైనా తెలుసు. మన కథల నిండా రాక్షసులే కదా! జెమ్‌కి తగిలిన దెబ్బ వేరు. తమ ఊరివాళ్ళు మంచివాళ్ళని అతను నమ్మాడు. ఆ మంచివాళ్ళే ప్రమాణం చేసి కుర్చీల్లో కూర్చుని, కళ్ళెదుట ఉన్న నిజాన్ని చూసి కూడా, లేదన్నారు. విరిగింది ఆ నమ్మకం.

ఇక చరిత్రలోకి వెడదాం. హార్పర్ లీ 1926 ఏప్రిల్‌లో అలబామాలోని మన్రోవిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి అమాసా కోల్మన్ లీ లాయరు, పత్రికా సంపాదకుడు, రాష్ట్ర శాసనసభ సభ్యుడు కూడా. 1919లో, అంటే ఆవిడ పుట్టకముందు, ఒక తెల్ల దుకాణదారుణ్ణి చంపారన్న నేరం మోపబడిన ఇద్దరు నల్లవాళ్ళ తరఫున, తండ్రీకొడుకుల తరఫున, ఆయన వాదించారు. ఇద్దరికీ ఉరి పడింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ క్రిమినల్ కేసు పట్టలేదు.

హార్పర్ లీకి అయిదేళ్ళు నిండబోతుండగా, అదే రాష్ట్రంలో ఒక కేసు ప్రపంచమంతా మారుమోగింది. 1931 మార్చి 25న టెన్నెసీ నించి అలబామా మీదుగా వెళ్ళే గూడ్సు రైల్లో, పనుల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగే తెల్ల కుర్రాళ్ళకీ నల్ల కుర్రాళ్ళకీ కొట్లాట జరిగింది. రైలు నించి దిగగొట్టబడ్డ తెల్లవాళ్ళు ఫిర్యాదు చేస్తే, పెయింట్ రాక్ అనే చోట రైలాపి తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ళని పట్టుకున్నారు. అదే రైల్లో ఉన్న ఇద్దరు తెల్ల ఆడవాళ్ళు, బట్టల మిల్లులో పనిచేసే పేదవాళ్ళు, తమని ఈ కుర్రాళ్ళు చెరిచారని చెప్పారు. పట్టుబడ్డవాళ్ళలో అందరికంటే చిన్నవాడికి పదమూడేళ్ళు.

స్కాట్స్‌బరో అనే ఊళ్ళో ఏప్రిల్ 6న విచారణ మొదలైంది. అంటే పట్టుకున్న పన్నెండో రోజున. బయట వేలమంది జనం, వాళ్ళని ఆపడానికి తుపాకులతో సైనికులు. కుర్రాళ్ళ తరఫున నిలబడింది కేసు చదువుకోవడానికి వ్యవధి కూడా లేని ఇద్దరు లాయర్లు. ఒకాయన స్థలాల దస్తావేజులు చూసే లాయరు, రెండో ఆయన బాగా వయసు మీరిన స్థానికుడు. నాలుగు రోజుల్లో అంతా ముగిసింది. ఎనిమిదిమందికి మరణశిక్ష. పదమూడేళ్ళ పిల్లవాడి విషయంలో మాత్రం జ్యూరీ ఒక మాట మీదికి రాలేకపోయింది.

ఈ కేసు రెండుసార్లు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1932లో, ప్రాణం మీదికి వచ్చే కేసులో ముద్దాయికి సరైన లాయరు ఉండి తీరాలని కోర్టు చెప్పి, శిక్షలు కొట్టేసింది. 1933లో మళ్ళీ విచారణ. ఈసారి ఇద్దరు ఆడవాళ్ళలో ఒకావిడ, రూబీ బేట్స్, కోర్టుకి వచ్చి, మేము చెప్పినదంతా అబద్ధం అంది. అయినా జ్యూరీ మళ్ళీ మరణశిక్షే వేసింది. ఆ కేసు విన్న జేమ్స్ హార్టన్ అనే జడ్జి అలబామా మనిషే, తెల్లవాడే. సాక్ష్యం నిలబడదని రాసి జ్యూరీ తీర్పుని పక్కన పెట్టేశాడు. మరుసటి ఏడు ఎన్నికల్లో ఓడిపోయాడు. అక్కడ జడ్జీలు కూడా ఓట్లతోనే గెలవాలి మరి.

రెండోసారి సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన ప్రశ్న మనకి ముఖ్యం. ఆ కౌంటీలో బతికున్నవాళ్ళకి గుర్తున్నంతవరకు ఒక్క నల్లవాడు కూడా జ్యూరీలో కూర్చోలేదు. ఎందుకని? మేమేం ఆపలేదు, జాబితాలో వాళ్ళ పేర్లు ఉన్నాయి చూడండని రాష్ట్రం వాళ్ళు జ్యూరీ పుస్తకం చూపించారు. న్యూయార్క్ నించి వచ్చిన లాయరు శామ్యూల్ లీబోవిట్జ్ ఆ పుస్తకాన్ని తీసుకెళ్ళి సుప్రీంకోర్టు జడ్జీల ముందే పెట్టాడు. జడ్జీలు భూతద్దం పెట్టి చూశారు. పేజీల చివర నల్లవాళ్ళ పేర్లు తర్వాత ఇరికించి రాసినట్టు కనబడింది! 1935 ఏప్రిల్ 1న తీర్పు వచ్చింది. జాతిని బట్టి జ్యూరీకి దూరంగా ఉంచడం రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు చెప్పింది.

గమ్మత్తేమిటంటే ఇది కొత్త మాట కాదు. 1880లోనే, నల్లవాళ్ళు జ్యూరీకి పనికిరారని చట్టం చెయ్యడం చెల్లదని అదే సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. మరి యాభై అయిదేళ్ళపాటు ఎలా తప్పించుకున్నారు? చట్టంలో నల్లవాడు అన్న మాట లేకుండా పని జరుపుకున్నారు. నిజాయితీపరుడు, తెలివైనవాడు, సత్ప్రవర్తన గలవాడు అని పేరున్న మగవాళ్ళని జాబితాలో రాయమంది అలబామా చట్టం. వినడానికి ఎంత బావుంది! కానీ ఎవరికి ఆ పేరుందో తేల్చేది ముగ్గురు నలుగురు కమిషనర్లు. వాళ్ళకి నల్లవాళ్ళలో అలాంటి మనిషి ఒక్కడూ తగల్లేదు, అంతే.

ఓటు విషయంలోనూ ఇదే పద్ధతి. 1900లో అలబామాలో ఓటుకి అర్హులైన నల్లజాతి మగవాళ్ళు 1,80,000 మందికి పైగా ఉన్నారు. 1901లో కొత్త రాష్ట్ర రాజ్యాంగం రాసుకుని ఓటు పన్ను, చదువు పరీక్ష, ఆస్తి నిబంధన పెట్టారు. 1903కల్లా ఓటర్ల జాబితాలో మిగిలిన నల్లవాళ్ళు 3,000 లోపే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, నిషేధం ఎక్కడా రాయకుండానే ప్రోగ్రాం ఫలితం మాత్రం నిషేధంగా వచ్చేట్టు రాశారు. ఇక ఆడవాళ్ళ సంగతి. అలబామాలో తెల్లవాళ్ళయినా సరే స్త్రీలకి జ్యూరీలో చోటు లేదు. 1966లో ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసేదాకా ఇదే వరస.

నవలలో టామ్ రాబిన్సన్ విచారణ జరిగేది 1935 వేసవిలో. అంటే సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కొద్ది నెలలకే. వాషింగ్టన్‌లో చట్టం మారింది, మేకోంబ్‌లో కుర్చీలు మారలేదు. రచయిత్రి ఈ తేదీలు కావాలనే కలిపారో లేదో గానీ, చరిత్ర మాత్రం అలాగే ఉంది.

స్కాట్స్‌బరో దూరపు కేసు అనుకుంటే, ఆవిడ సొంత ఊళ్ళో కూడా ఒకటి జరిగింది. 1933 చివర్లో వాల్టర్ లెట్ అనే నల్లజాతి వ్యక్తి మీద ఒక తెల్లజాతి స్త్రీ ఇలాంటి ఫిర్యాదే చేసింది. 1934లో మన్రోవిల్ కోర్టులో మరణశిక్ష పడింది. కొందరు ఊరి పెద్దలే గవర్నరుకి అర్జీ పెట్టుకుంటే శిక్ష యావజ్జీవంగా మారింది. ఈలోగా చావు కోసం ఎదురుచూస్తూ అతనికి మతి చలించింది. 1937లో క్షయతో పోయాడు. అప్పటికి హార్పర్ లీ పదకొండేళ్ళ పిల్ల. 

ఆవిడ న్యూయార్క్ చేరి రాయడం మొదలుపెట్టిన కాలానికి దక్షిణాదిలో మరో గాయం పచ్చిగా ఉంది. 1955లో షికాగో నించి మిసిసిపీలోని బంధువుల ఇంటికి వేసవి సెలవులకి వచ్చిన ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు, దుకాణంలో ఒక తెల్లావిడతో చనువుగా ప్రవర్తించాడన్న మాట మీద హత్యకి గురయ్యాడు. హంతకుల్ని విచారించిన జ్యూరీలో అందరూ తెల్ల మగవాళ్ళే. 67 నిమిషాల్లో నిర్దోషులని తేల్చేశారు. కొన్ని నెలలకే ఆ ఇద్దరూ ఒక పత్రిక నించి డబ్బు పుచ్చుకుని, చంపింది మేమేనని చెప్పుకున్నారు. ఈ నవల చదివే మన పిల్లల వయసు పద్నాలుగని గుర్తుచేస్తున్నాను.

అందుకే నవలలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడేది కోర్టు ఘట్టం కాదు, కోర్టు అయిపోయాక ఇంట్లో జరిగే సంభాషణ. మనలాంటి చదువుకున్నవాళ్ళు, ఊళ్ళో ఉండేవాళ్ళు జ్యూరీలో ఎందుకు కనబడరని జెమ్ తండ్రిని అడుగుతాడు. తండ్రి చెప్పిన జవాబు సారాంశం ఇది. స్త్రీలకి చట్టం ఒప్పుకోదు. మిగతా ఊరివాళ్ళకి ఆసక్తి లేదు, భయం కూడా ఉంది. దుకాణదారు ఒక పక్షాన ఓటేస్తే రెండో పక్షంవాడు రేపటి నించి కొట్టుకి రాడు. అంచేత ఏదో వంక చెప్పి తప్పుకుంటారు. అంటే అన్యాయం జరిగింది ఆ పన్నెండుమంది వల్ల మాత్రమే కాదు. రానివ్వబడని నల్లవాళ్ళూ ఆడవాళ్ళూ ఒక వైపు, రాగలిగి కూడా రాని పెద్దమనుషులు ఇంకోవైపు. ఆ ఖాళీలో ఆ తీర్పు పుట్టింది.

ఇంకో చిన్న విషయం కూడా ఆ సంభాషణలోనే బయటపడుతుంది. జ్యూరీ అన్ని గంటలు ఎందుకు తీసుకుంది? ఒక్కడు అడ్డం తిరిగాడు కనక. అతను కనింగ్‌హామ్ కుటుంబం వాడు, నిరుపేద రైతు. విచారణకి ముందు రాత్రి టామ్‌ని జైలు దగ్గరే చంపాలని వచ్చిన గుంపులో ఆ కుటుంబంవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన్ని స్కౌట్ గుర్తుపట్టి, మీ అబ్బాయి మా క్లాసే అని పలకరిస్తే గుంపు వెనక్కి తిరిగింది. ఆటికస్‌కి ఆ జ్యూరీ సభ్యుణ్ణి తప్పించే అవకాశం ఉన్నా ఉంచాడు. ఒక్క మనిషి ఓటు తీర్పుని మార్చలేదు, కొన్ని గంటలు ఆలస్యం చేసింది. ఇంకొక్కడు తోడుంటేనో?

ఇక పుస్తకం మీద విమర్శ లేకపోలేదు. కథంతా తెల్లపిల్ల కళ్ళతో నడుస్తుంది. టామ్ ఇంట్లో, కల్పూర్నియా మనసులో ఏముందో మనకి పెద్దగా తెలియదు. నల్లజాతివాళ్ళు ఒక మంచి తెల్లాయన కోసం ఎదురుచూసేవాళ్ళుగా మిగిలిపోయారని చాలామంది అభ్యంతరం. అందులోని జాతి తిట్లు పిల్లల్ని ఇబ్బంది పెడుతున్నాయని 2017లో మిసిసిపీలోని బిలాక్సీలో ఎనిమిదో తరగతి పాఠాల నించి తీసేస్తే దేశమంతా వాదోపవాదాలు నడిచాయి. 2015లో బయటికి వచ్చిన 'గో సెట్ ఎ వాచ్‌మన్' అన్న పాత ప్రతిలో ఆటికస్ వృద్ధుడై, తెల్ల నల్ల పిల్లలు ఒకే బడిలో చదవకూడదనే వాళ్ళ సభలో కూర్చుని కనబడతాడు. చాలామంది అభిమానులకి ఇది మింగుడుపడలేదు. నాకు మాత్రం ఇది చరిత్రకి దగ్గరగా అనిపించింది. ఒక మనిషికి కోర్టులో న్యాయం జరగాలని కోరుకోవడం, ఆ మనిషి పక్కన బెంచీ మీద కూర్చోవడానికి ఒప్పుకోవడం రెండూ ఒకటి కావు. మొదటిది చేసి రెండోది చెయ్యలేనివాళ్ళు ఆ రోజుల్లో చాలామంది.

నవలలోనే ఒక టీచరమ్మ ఉంది. జర్మనీలో హిట్లర్ యూదుల్ని హింసిస్తున్నాడని క్లాసులో బాధపడుతుంది. అదే టీచరు కోర్టు మెట్ల దగ్గర, ఈ నల్లవాళ్ళకి బుద్ధి రావలసిందే అనడం స్కౌట్ విన్నది. దూరాన ఉన్న అన్యాయం కనబడినంత సులువుగా దగ్గరది కనబడదు. మన ఇళ్ళల్లో ఈ పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు ఆ టీచరమ్మ గుర్తుండాలి. నల్లవాళ్ళని మేడ మీద విడిగా కూర్చోబెట్టారని పిల్లలకి చెప్పేటప్పుడు, మన పల్లెటూళ్ళ టీ కొట్లలో దళితులకి విడిగా గ్లాసులు పెట్టిన సంగతి కూడా చెప్పగలగాలి. లేకపోతే ఇది వాళ్ళ పాపం, మనకేం సంబంధం అన్న చదువు అవుతుంది. అదీగాక ఇక్కడ నల్లవాళ్ళ పేటలో ఇల్లు కొనొద్దని మనలో మనం తెలుగులో చెప్పుకునే మాటలు పిల్లలకి అర్థం కావనుకోవడం పొరపాటు.

మనకేం సంబంధం అన్నదానికి చరిత్రలోనే జవాబుంది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు! పౌరసత్వం లేదంటే ఓటు లేదు, జ్యూరీ లేదు. ఆ దశకంలోనే బోస్టన్ చేరి, ప్రపంచానికి ఉపయోగపడే మందులు కనిపెట్టిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లో ఈ దేశ పౌరుడు కాకుండానే న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1946లో తలుపు కొంచెం తెరిచారు, ఏడాదికి వందమంది భారతీయులకి.

ఆ తలుపు పూర్తిగా తెరుచుకున్నది 1965లో. ఆ సంవత్సరం మార్చిలో అలబామాలోనే, సెల్మా వంతెన మీద, ఓటు హక్కు అడిగిన నల్లజాతివాళ్ళని పోలీసులు లాఠీలతో కొట్టారు. ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. అక్టోబరు 3న, జాతిని దేశాన్ని బట్టి మనుషుల్ని ఆపే పాత పద్ధతిని తీసేసిన కొత్త వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. అదే కాంగ్రెసు, అదే ఏడు, అదే ఉద్యమపు గాలి. మన వీసాల వెనక మన మార్కులూ మన కష్టమూ ఉన్నాయి, కాదనను. వాటికంటే ముందు సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్నవాళ్ళు ఉన్నారు.

అదంతా పాత కథ, ఇప్పుడెక్కడిది అంటారా? 1987లో, సాక్షాత్తూ మన్రోవిల్ దగ్గర, వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి వ్యక్తిని ఒక తెల్లమ్మాయి హత్య కేసులో పట్టుకున్నారు. హత్య జరిగిన సమయానికి అతను ఇంటి దగ్గర చేపలు వేయించి అమ్మే కార్యక్రమంలో పదిమంది మధ్య ఉన్నాడు. విచారణని తెల్లవాళ్ళు బాగా ఎక్కువగా ఉండే పక్క కౌంటీకి మార్చారు. జ్యూరీలో పదకొండుమంది తెల్లవాళ్ళు, ఒక్క నల్లవ్యక్తి. ఆ జ్యూరీ యావజ్జీవం అంటే, జడ్జి దాన్ని కాదని మరణశిక్ష వేశాడు. బ్రయన్ స్టీవెన్‌సన్ అనే లాయరు పోరాడి 1993లో అతన్ని విడిపించాడు. పుస్తకం పుట్టిన ఊళ్ళో పుస్తకంలోని కథ మళ్ళీ జరిగిందన్నమాట. స్టీవెన్‌సన్ దీన్ని 2014లో 'జస్ట్ మెర్సీ' పుస్తకంగా రాశాడు, 2019లో సినిమా కూడా వచ్చింది. పెద్ద పిల్లలున్న ఇళ్ళల్లో రెండూ కలిపి చదవవచ్చు.

జాతిని చూసి జ్యూరీ సభ్యుల్ని తీసెయ్యకూడదని సుప్రీంకోర్టు 1986లో ఇంకా గట్టిగా చెప్పింది. అయినా మిసిసిపీలో కర్టిస్ ఫ్లవర్స్ అనే ఆయన్ని ఒకే కేసులో ఆరుసార్లు విచారించారు. ఆ ఆరింటిలో ప్రభుత్వ లాయరు తనకున్న వీలుని బట్టి తీసెయ్యగలిగిన 42 మంది నల్లజాతి అభ్యర్థుల్లో 41 మందిని తీసేశాడని 2019లో సుప్రీంకోర్టు లెక్క చెప్పి శిక్ష కొట్టేసింది. మరుసటి ఏడు కేసే ఎత్తేశారు. అప్పటికి ఆయన ఇరవై ఏళ్ళకి పైగా జైల్లో గడిపాడు. స్కాట్స్‌బరో కుర్రాళ్ళలో చివరి ముగ్గురికి అలబామా క్షమాపత్రం ఇచ్చింది 2013లో. అప్పటికి ఒక్కడూ బతికి లేడు.

చివరగా ఒక్కమాట. మన దేశంలో క్రిమినల్ కేసుల్లో జ్యూరీలు 1970లలో పోయాయి, కాబట్టి మన తరానికి అదేమిటో తెలియదు. ఇక్కడ పౌరసత్వం వచ్చాక ఒకరోజు టపాలో జ్యూరీ పిలుపు వస్తుంది. మన పార్టీల్లో అప్పుడు వినబడే మాటలు మీకు తెలుసు. ప్రాజెక్టు డెడ్‌లైన్ ఉందని రాసెయ్, ఇంగ్లీషు సరిగ్గా రాదని చెప్పెయ్, వాళ్ళిచ్చే డబ్బు పార్కింగుకి కూడా చాలదు. మేకోంబ్ ఊరి పెద్దమనుషులు చెప్పిన వంకలు కూడా ఇలాంటివే. నేనింకా ఇక్కడి పౌరుణ్ణి కాను, ఆ కుర్చీలో కూర్చునే అర్హత నాకు లేదు. పౌరులు కానివాళ్ళకి పొరపాటున ఆ కాగితం వస్తే, కాదని గుర్తుపెట్టి తిప్పి పంపాలి. కానీ ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి పద్ధెనిమిది నిండితే ఆ కుర్చీలో చోటుంటుంది. థిండ్‌కి 1923లో దక్కనిది, సుబ్బారావు గారికి దక్కనిది, టామ్ రాబిన్సన్ లాంటివాళ్ళకి తరాల తరబడి దక్కనిది మన పిల్లలకి టపాలో వస్తుంది.

అంచేత ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ఈ పుస్తకం తెచ్చుకుంటే, పరీక్షకి ఏం వస్తుందని అడగకండి. జ్యూరీలో ఎవరున్నారు, ఎవరు లేరు, ఎందుకు లేరని అడగండి. మీకు పిలుపు వస్తే ఒకరోజు సెలవు పెట్టి వెళ్ళండి. అక్కడ ఎవరి బతుకు మీ ఎదుట నిలబడుతుందో మనకి తెలియదు.